ఉల్లిపాయలకి దొరకని పేరు

ఇసకపాలెంలో కాలవ వంతెన దిగగానే తుప్పుపట్టిన బకెట్లు, కాళ్ళు విరిగిన కుర్చీలు, సొట్టల బిందెలు గుట్టగా కనిపిస్తే అదే తవిటయ్య ఇల్లు. వాళ్ళది పాత సామాన్ల వ్యాపారం. తోపుడుబండి మీద ఉల్లిపాయలేసుకుని ఊరంతా తిరుగుతారు. పాత ఇనుమిస్తే ఉల్లిపాయలిస్తారు, పాత ఇత్తడిస్తే ఇంకాసిని ఇస్తారు. ఊళ్ళో ఎవరి దగ్గర ఏమున్నా, తెలివి మాత్రం తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ గట్టి నమ్మకం.

"మనింట్లో ఉన్న తెలివి ఎత్తిస్తే లారీకి పట్టదురా" అనేవాడు తవిటయ్య.

ఒకసారి నిజంగానే లారీ మాట్లాడబోయాడు. కొడుకు గంగరాజు అడ్డుపడ్డాడు. "నాన్నా, అంతా ఎత్తించేస్తే రేపు మనకెలాగ?" అన్నాడు. చూశారా, ఎంత ముందుచూపో!

పోయినేడాది టోకు వ్యాపారి ఫోన్ చేసి, "తవిటయ్యా, ఇంట్లో ఉన్న ఇనుమంతా ఎత్తించెయ్" అన్నాడు. అంతే. తూకం కాటా ఎత్తించారు. గుండ్లు ఎత్తించారు. గేటు ఊడబీకి ఎత్తించారు. పొయ్యి మీద వంకాయలు వేగుతున్న ఇనప మూకుడు కూడా, వంకాయలతో సహా ఎత్తించారు. మర్నాడు తూకం వెయ్యడానికి కాటా లేదని తెలిసింది. మళ్ళీ వెళ్ళి అన్నీ తెచ్చుకున్నారు. "ఒక్క గుండు పోలేదు! అదే ఇంకోళ్ళయితే సగం పోగొట్టుకుందురు" అని వారం రోజులు మురిసిపోయారు. వంకాయల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ ఇంట్లో అందరికంటే పెద్దది మామ్మ. తవిటయ్యని కన్నతల్లి. ఎనభై రెండేళ్ళు. నోట్లో ఒక్క పన్ను లేదు గానీ చూపు భేషుగ్గా ఉంది. పొద్దున్న లేస్తే వీధరుగు మీద పట్టెమంచం, ఆ మంచం మీద మామ్మ. మాట మాత్రం తక్కువ. దానికో కారణం ఉంది.

మామ్మ కాపరానికొచ్చిన రోజున వాళ్ళత్తగారు గుమ్మంలోనే ఆపి ఒక్క మాట చెప్పింది. "చూడు కోడలా, అడిగితే చెప్పు. అడక్కుండా నోరిప్పకు." అంతే. మామ్మ ఆ మాట కొంగున ముడేసుకుంది. అరవై ఆరేళ్ళయినా ముడి విప్పలేదు. ఓసారి వంటింటి చూరు అంటుకుంది. మామ్మ వీధిలోకొచ్చి మావగారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన చుట్ట కాల్చడం అయిందాకా ఆగింది. చివరికాయన ముక్కు ఎగబీల్చి, "ఏంటే ఆ పొగ?" అన్నాడు. అప్పుడు చెప్పింది, "ఇల్లు తగలబడతందండి" అని.

అలాంటి మామ్మకి ఒక పేరుంది. ఉండదా మరి? కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్నారు. కానీ మొగుడు "ఏమే" అన్నాడు. అత్తగారు "కోడలా" అంది. కొడుకు "అమ్మా" అన్నాడు. ఊరు కొన్నాళ్ళు "తవిటయ్య తల్లి" అంది, జుట్టు తెల్లబడ్డాక "మామ్మ" అంది. నీ పేరేమిటని అడిగినవాడు లేడు. అడక్కుండా చెప్పకూడదాయె! రేషన్ కార్డులో ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది. ఆ కార్డు ఎవరికీ కనపడకుండా దాచుకోమని డీలరు చెప్పాడు. వీళ్ళు దాచారు. ఇప్పుడది వీళ్ళక్కూడా కనపడటం లేదు.

మామ్మ అప్పుడప్పుడూ ఎవరూ లేనప్పుడు తన పేరు తనే లోపల అనుకునేది, మరిచిపోతానేమో అని. "నేను పోతే ఇదీ పోతుంది గావును" అనుకునేది.

గంగరాజుకి ఆడపిల్ల పుట్టింది. కోడలు నాగమణి పుట్టింట్లో పురుడు పోసుకుని, మూడో నెలలో పిల్లనెత్తుకుని వచ్చింది. బారసాల మన ఇంట్లోనే చేద్దామన్నాడు తవిటయ్య. పంతులుగారొచ్చి పంచాంగం చూశారు.

"గురువారం పదకొండు గంటలకి దివ్యంగా ఉంది. అది తప్పితే మూఢం. మళ్ళీ మూడు నెలల దాకా మంచిరోజు లేదు. పేరు సిద్ధంగా ఉంచుకోండి."

"ఏం పేరు పెట్టమంటారండీ?" అన్నాడు తవిటయ్య.

పంతులుగారు విసుక్కున్నారు. "ఏదైనా పెట్టు గానీ, ఈ కాలప్పేర్లు మాత్రం వద్దు నాయనా. మొన్నొక బారసాలలో ఆ పేరేదో పలకబోతే నా పళ్ళసెట్టు ఊడి పాయసంలో పడింది. శుభ్రంగా పాతకాలం పేరొకటి పెట్టండి. నిండుగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళే చెబుతారు."

పెద్దవాళ్ళని అడగండి! ఆ మాట వినగానే అరుగు మీద మామ్మ లేచి కూర్చుంది. పైట సర్దుకుంది. కాసిని మంచినీళ్ళు తాగి గొంతు తడుపుకుంది. ఇన్నాళ్ళకి అడుగుతారు! చెప్పేస్తాను! ఆ చిట్టితల్లికి నా పేరు పెట్టుకుంటారు అని ఆవిడ ఒళ్ళు పులకరించింది.

తవిటయ్య మీసం దువ్వుకుంటూ కాసేపు పచార్లు చేశాడు. తర్వాత అద్దం ముందుకెళ్ళి నిలబడ్డాడు. కాసేపయ్యాక వెనక్కొచ్చాడు.

"ఇంటికి పెద్దని నేనే కదా. నన్ను నేనే అడిగాను. తెలీదన్నాను" అన్నాడు.

"తెలీదంటే ఏం చేస్తారు పాపం, బలవంతం చెయ్యలేంగా" అన్నాడు గంగరాజు.

నాగమణి మామ్మ వైపు చూసింది. "మావయ్యగారూ, మామ్మగారిని కూడా ఓ మాట అడిగితే?" అంది. మంచి పిల్ల. మామ్మకి ప్రాణం లేచొచ్చింది.

తవిటయ్య మంచం దగ్గరికొచ్చి వంగి, "అమ్మా, పాత పేరేదైనా నీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు" అంది మామ్మ.

"అదీ! మా అమ్మకి తెలీనిదుండదు" అని తవిటయ్య చక్కా పోయి అన్నానికి కూర్చున్నాడు. మామ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. అడిగిందానికి చెప్పింది. ఇంకోటి అడగలేదు. ఏం చేస్తుంది?

భోజనాలయ్యాక గంగరాజుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వాడొచ్చి, "మామ్మా, ఆ పాత పేరు ఎక్కడుంది?" అన్నాడు.

"ఇంట్లోనే" అంది మామ్మ, గబగబా. ఇంకొక్క ప్రశ్న, నాయనా, ఇంకొక్కటి అడుగు అని కళ్ళతో బతిమాలింది.

వాడు ఆ కళ్ళు చూస్తేగా! "నాన్నా, ఇంట్లోనే ఉందిట!" అని కేకేశాడు. ఇంకేముంది! తవిటయ్య ఎంగిలిచెయ్యి కడుక్కోకుండా ఎడంచేత్తోనే అటక ఎక్కాడు. పాత చేటలు, పాత లాంతర్లు, పాత కుంపట్లు ధనధనా కిందికి విసిరాడు. గంగరాజు ఆవకాయ జాడీలో మోచేతిదాకా చెయ్యిపెట్టి కెలికాడు, ఆ చేత్తోనే కళ్ళు నలుపుకున్నాడు, పెడబొబ్బలు పెట్టుకుంటూ నూతి దగ్గరికి పరిగెత్తాడు. నాగమణి బూరుగుదూది తలగడలన్నీ కుట్లు విప్పి దులిపింది. ఇల్లంతా దూది. పిల్లకి తుమ్ములు. మామ్మ జుట్టు ముందే తెలుపు కనక ఆవిడ మీద పడ్డ దూది ఎవరికీ కనపడలేదు. పేరు మాత్రం ఎక్కడా దొరకలేదు.

"ఇంట్లో పోయిందన్న మాట" అన్నాడు తవిటయ్య, తల మీద దుమ్ము దులుపుకుని. "పోతే పోయింది. మన వ్యాపారమేంటి? పాతవి తేవడమే కదా! ఊళ్ళో ఎన్ని పాత పేర్లు మూల పడున్నాయో! బండి కట్టండిరా!"

"పేరుకి ఉల్లిపాయలిస్తారా నాన్నా ఎక్కడన్నా?" అన్నాడు గంగరాజు, కళ్ళు తుడుచుకుంటూ.

"నా పేరెలా వచ్చిందిరా మరి?" అన్నాడు తవిటయ్య. అదీ నిజమే. తవిటయ్యకి ముందు మామ్మకి ముగ్గురు పుట్టి దక్కలేదు. నాలుగోవాడు పుట్టగానే, ఊళ్ళో ఆనవాయితీ ప్రకారం, వాణ్ణి పక్కింటావిడకి శేరు తవుడుకి ఇచ్చేసి, మళ్ళీ తెచ్చుకుని, తవిటయ్య అని పేరు పెట్టారు. బిడ్డ బతికి బట్టకట్టాడు. "నా పేరుకి ఆ రోజుల్లో తవుడిచ్చారు. ఇప్పుడు తవుడెవడు తీసుకుంటాడు? అందుకని ఉల్లిపాయలిద్దాం. ఇంత తెలివైన ఆలోచన ఎవడికొస్తుంది!"

ఎవడికీ రాదు. ఆ మాట నిజం.

మర్నాడు బుధవారం. పొద్దున్నే తండ్రీకొడుకులు బండి తోసుకుంటూ బయల్దేరారు. "పాత పేర్లు తీసుకుంటామండోయ్! పాత పేర్లకి ఉల్లిపాయలిస్తామండోయ్! ఆడవాళ్ళవే! అరిగినవి వద్దండోయ్!"

మొదట ఆదెమ్మ అనే ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నా పేరు ఆదెమ్మ నాయనా. ఎంతిస్తావ్?"

తవిటయ్య సామాను చూసినట్టే ఆవిడ చుట్టూ తిరిగి చూశాడు. "ఎన్నాళ్ళు వాడారు?"

"డెబ్బయ్యేళ్ళు దాటింది."

"ఎవరెవరు పిలిచేవారు?"

"అందరూనూ. మా ఆయనైతే రోజుకి వందసార్లు అరిచేవాడు."

"అయితే బాగా అరిగుంటుంది" అని పెదవి విరిచాడు తవిటయ్య. "అరకిలో ఇస్తాను."

ఆదెమ్మ ఉల్లిపాయలు ఒళ్ళో పోసుకుని పది అడుగులేసిందో లేదో, ఎదురింటి అమ్మాయి, "ఆదెమ్మ పిన్నీ, ఉల్లిపాయలెక్కడివి?" అంది. "బండి మీదవే" అంది ఆదెమ్మ.

తవిటయ్య ఒక్క గెంతు గెంతాడు. "ఇచ్చేసిన పేరుకి పలుకుతావా! ఎంత అన్యాయం! గ్లాసిచ్చేసి మళ్ళీ దాంతో నీళ్ళు తాగుతావా?"

"ఏం చెయ్యను నాయనా, డెబ్బయ్యేళ్ళ అలవాటు. నోరు దానంతటదే పలికేసింది."

"అయితే మీ పేరు మీరు పట్టుకుపోండి. నా ఉల్లిపాయలు నాకు పెట్టండి."

ఆదెమ్మ పెట్టేసింది. అందులో ఒకటి కొంగు చాటున ఉండిపోయింది గానీ అది మన కథకి అవసరం లేదు.

దీంతో తవిటయ్యకి కొత్త తెలివి పుట్టింది. బతికున్నవాళ్ళ పేర్లు పనికిరావు, ఖాళీగా ఉన్నవే కావాలి. ఆ మాట ఊరంతా పాకింది. ఊళ్ళోవాళ్ళు తక్కువవాళ్ళా? వరసకట్టారు. "మా మామ్మ పేరు సోదెమ్మ, పోయి ఇరవయ్యేళ్ళు, ఖాళీగానే ఉంది." "మా తాతమ్మ పేరు గౌరమ్మ, మంచి గట్టి పేరు." "మా మేనత్త తిరపతమ్మ, ఆవిడ మూగది, పిలిస్తే పలికేదే కాదు, పేరు అస్సలు నలగలేదు." గంగరాజు గోతం మూతి తెరిచి పట్టుకున్నాడు. ఒక్కొక్కరూ వంగి గోతంలోకి పేరు చెప్పడం, వాడు టక్కున మూతి బిగించడం, తవిటయ్య ఉల్లిపాయలు పొయ్యడం. మధ్యాహ్నానికి గోతంలో పదిహేడు పేర్లు. బండి మీద ఉల్లిపొట్టు.

ఇద్దరూ ఈల వేసుకుంటూ ఇంటికొచ్చారు. "నాగమణీ, చాప పరు! పదిహేడున్నాయి, నీకు నచ్చింది ఏరుకో!" నాగమణి చాప పరిచింది. గంగరాజు గోతం బోర్లించి దులిపాడు. ఒక పాత మేకు పడింది. అంతే. గోతం ఎత్తి చూస్తే అడుగున జానెడు చిరుగు.

"ఓరి దేవుడా! దారిపొడుగునా కారిపోయాయి!" అని తవిటయ్య నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. "పరిగెత్తరా! ఎవరూ ఎత్తుకుపోకముందే ఏరుకురా!"

గంగరాజు వీధిలో వంగి వెతుక్కుంటూ కాలవగట్టు దాకా వెళ్ళాడు. అక్కడొకాయన గేదెని కడగడానికి తోలుకొచ్చి, "ఇదిగో గౌరమ్మా, దిగవే" అంటున్నాడు. గంగరాజు చెవులు నిక్కాయి.

"ఏవండీ! ఆ పేరు మాది! మా గోతంలోంచి పడింది!"

"ఏం పేరయ్యా? దీనికి దూడప్పుడే పెట్టాను."

"అలా అనకండి. పొద్దున్నే తాజాగా తెచ్చాం. దయచేసి ఇచ్చెయ్యండి."

ఆయనకి చిరాకేసింది. "కావాలంటే దాన్నే అడిగి తీసుకో" అన్నాడు.

గంగరాజు గేదె ఎదురుగా నిలబడి చేతులు జోడించి, "అమ్మా, రేపు బారసాల. మా పాప పేరు మాకిచ్చెయ్యి తల్లీ" అని అడిగాడు. గేదె ముక్కు మీద ఈగ వాలింది. అది తల అడ్డంగా ఊపింది. "ఇవ్వనంటావా!" అని వాడికి కోపం వచ్చి కొమ్ము పట్టుకున్నాడు. ఇంకేముంది! గేదె కాలవలోకి ఒక్క దూకు దూకింది. కొమ్ము వదల్లేదు కనక గంగరాజూ దూకాడు. ఇంటికొచ్చేసరికి వాడి చెవిలో నాచు, జేబులో కప్ప.

అప్పుడు నాగమణికి ఏడుపొచ్చేసింది. పిల్లని గుండెకి హత్తుకుని ముక్కు చీదుకుంటూ, "రేపు పదకొండు దాటితే ఇంక మూడు నెలలు దీనికి పేరు లేదు. ఏడిస్తే ఏమని ఊరుకోబెట్టను? తప్పిపోతే ఏమని వెతకను? నా తల్లి ఎవరికీ పిలవడానికి కూడా లేకుండా పోతోందే!" అంది.

ఆ మాట మామ్మకి సూదిలా గుచ్చుకుంది. పిలవడానికి లేకుండా బతకడమంటే ఏమిటో ఆవిడకంటే ఎవరికి తెలుసు? అరవై ఆరేళ్ళు బతికింది. ఈ పసిగుడ్డుకి ఆ గతి పట్టకూడదనుకుంది. కానీ అడక్కుండా ఎలా చెప్పడం? అడిగేలా చెయ్యాలి.

గట్టిగా దగ్గింది. తవిటయ్య మిరియాల కషాయం తెచ్చి తాగించాడు. వేలు పెట్టి తన గుండె చూపించుకుంది. "గుండెల్లో నొప్పిట పాపం" అని గంగరాజు రొమ్ముకి బామ్ రాశాడు. రెండు చేతులూ ఎత్తి పిల్లనీ తననీ మార్చి మార్చి చూపించింది. "పిల్లకి కూడా రాయమంటోంది" అని దాని అరికాళ్ళకి కూడా రాశాడు. మామ్మ అరచేత్తో నుదురు కొట్టుకుంది. "తలనొప్పి కూడానా!" అని నుదుటికి పట్టు వేశారు. కషాయం మంటకీ బామ్ మంటకీ మామ్మ కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, "చూడు, మనం ఇంత బాగా చూసుకుంటున్నామని ఏడుస్తోంది మా అమ్మ" అని తవిటయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

గురువారం వచ్చింది. పందిట్లో మావిడాకులు కట్టారు. ఉయ్యాల వేశారు. పళ్ళెంలో బియ్యం పోసి, పేరు రాయడానికి ఉంగరం పెట్టారు. పంతులుగారు సంకల్పం చెప్పి గడియారం చూసుకున్నారు. పదకొండూ అయిదు.

"ఊఁ, నాయనా, పేరు చెప్పు."

గంగరాజు తండ్రి వైపు చూశాడు. తండ్రి గోతం వైపు చూశాడు. "నిన్న పదిహేడున్నాయండి. చిరుగులోంచి కారిపోయాయండి. ఒకదాన్ని గేదె ఇవ్వనందండి" అన్నాడు తవిటయ్య.

పంతులుగారు పళ్ళసెట్టు సర్దుకున్నారు. "పెద్దవాళ్ళని అడగమన్నాను కదయ్యా! ఆవిడ ఎదురుగుండా కూర్చునుంటే ఊరి మీద పడ్డారేం?" అని మామ్మ వైపు తిరిగారు. "మామ్మగారూ, మీ పేరేంటండీ?"

అడిగాడు. మనిషన్నవాడు అడిగాడు!

మామ్మ పైట సర్దుకుంది. ఇన్నేళ్ళు లోపల దాచుకున్నది పైకి రావడానికి దారి మరిచిపోయిందేమో, రెండుసార్లు గుటకేసింది. మూడోసారికి వచ్చింది.

"వరహాలమ్మ" అంది.

మామ్మ మళ్ళీ అంది, ఈసారి కొంచెం గట్టిగా. "వరహాలమ్మ. మా నాన్న పెట్టాడు." అంటూనే పిల్లలా ఏడ్చేసింది. ఆ గొంతులోంచి తన పేరు తనకే వినపడేసరికి ఆవిడకి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

"వరహాలమ్మ!" అంది నాగమణి, నోట్లో పంచదార వేసుకున్నట్టు. "ఎంత బావుందండీ!"

తవిటయ్యలో వ్యాపారి మేలుకున్నాడు. "అమ్మా, ఎనభై రెండేళ్ళదా ఇది? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎవరూ పిలవలేదా? ఒక్కసారి కూడా?"

"లేదురా."

"ఓరి నాయనో!" అని తొడ చరిచాడు. "అరవై ఆరేళ్ళు అటక మీద ఉంది! ఒక్క గీత పడలేదు! ఒక్క సొట్ట లేదు! ఇంత పాతది, ఇంత కొత్తగా నా జన్మలో చూళ్ళేదు! అమ్మా, ఇస్తావా?"

అక్కడ మామ్మ ఆగిపోయింది. ఎందుకంటే ఆదెమ్మ సంగతి ఆవిడ విన్నది. ఇచ్చేస్తే ఇచ్చేసినట్టే, మళ్ళీ పలకకూడదు. ఇన్నేళ్ళకి నోటికొచ్చిన పేరు, వచ్చి నిమిషం కాలేదు, అప్పుడే చెయ్యి జారిపోతుందా? దాచుకుందామా అనిపించింది. ఉయ్యాల్లో పిల్ల బోసినోరు తెరిచి ఆవిడ కేసే చూస్తోంది. "దాచుకుని నేను చేసుకున్నదేముంది" అనుకుంది మామ్మ. "దీన్నయినా పిలవనీ."

"ఇచ్చాను. పెట్టుకోండి" అంది.

అంతే. గంగరాజు బియ్యంలో ఉంగరంతో రాశాడు. పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాడు. పిల్ల నవ్వింది. ముత్తయిదువలు జోల పాడారు. పంతులుగారు "శుభం" అని సంచీ సర్దుకుంటుంటే తవిటయ్య ఆయన పంచె పట్టుకుని ఆపాడు.

"అయిపోయిందంటారేంటండీ? మరి మా అమ్మకో?"

"మీ అమ్మకేమయ్యా?"

"ఉన్న ఒక్క పేరూ పిల్లకిచ్చేసింది కదండీ. ఇప్పుడావిడకి పేరు లేదు. మూఢం వచ్చేస్తోందని మీరే అన్నారు. మూడు నెలలు మా అమ్మ పేరు లేకుండా ఉండాలా? ముహూర్తం ఇంకా ఉందిగా! పెట్టెయ్యండి!"

పంతులుగారు గడియారం చూశారు, గుమ్మం చూశారు. గుమ్మంలో గంగరాజు అడ్డంగా నిలబడి ఉన్నాడు. "సరే, కానివ్వండి" అన్నారు.

ఇంకేముంది! బారసాల అంటే ఉయ్యాల. తండ్రీకొడుకులు మామ్మని చెరో రెక్కా పట్టుకుని ఎత్తి ఉయ్యాల్లో వేశారు. కాళ్ళు బయటికొచ్చాయి. కాళ్ళ కింద స్టూలు పెట్టారు. నుదుటికి, బుగ్గకి, అరికాలికి దిష్టిచుక్క పెట్టారు. పిల్ల పాతది తీసుకుంది కనక మామ్మకి కొత్తది ఇవ్వాలి, అదే న్యాయం అంది నాగమణి. ఫోనులో వెతికి ఒకటి తీసింది. పంతులుగారు దాన్ని చూసి దణ్ణం పెట్టారు. తప్పలేదు. వంగి మామ్మ చెవిలో, "శాన్విక, శాన్విక, శాన్వి..." అన్నారు. మూడోదానికి పళ్ళసెట్టు ఊడి మామ్మ ఒళ్ళో పడింది.

"మొదటి చదివింపులు పంతులుగారివే!" అన్నాడు తవిటయ్య సంబరంగా.

ఉయ్యాల కిర్రుకిర్రుమంటూ ఊగింది. మామ్మ గట్టిగా పట్టుకుని నవ్వింది. ఎనభయ్యేళ్ళయింది ఆవిడని ఎవరైనా ఊపి.

ఆ రోజు నుంచీ ఇల్లు కళకళలాడింది. "వరహాలమ్మా, పాలు తాగవే!" "వరహాలమ్మా, ఏడవకే!" "మా వరహాలమ్మ ఏదీ, మా బంగారు వరహాలమ్మ ఏదీ!" పొద్దస్తమానం అదే పిలుపు. పిలిచినప్పుడల్లా అరుగు మీద మామ్మకి ఒళ్ళు ఝల్లుమనేది. పలకబోయి, పెదాలు గట్టిగా బిగించుకునేది. ఇచ్చేసిన పేరుకి పలకకూడదు కదా! కానీ వినడానికి అడ్డేముంది? తృప్తిగా విని, లోపల్లోపల "ఆఁ" అనుకునేది. "శాన్వికా, అన్నానికి రా" అని తవిటయ్య కేకేస్తే మాత్రం పైకే "ఆఁ, వస్తన్నా" అనేది.

ఆదివారం పిల్లలకి చుక్కల మందు వేసే నర్సమ్మ డబ్బా భుజానికేసుకుని వచ్చింది. "ఏమండోయ్, ఈ ఇంట్లో ఈ మధ్యే బారసాల అయిన పాప ఉందిట కదా. తీసుకురండి, చుక్కలు వెయ్యాలి."

తవిటయ్య వేళ్ళ మీద లెక్కేశాడు. "ముందయింది వరహాలమ్మకి. ఆ తర్వాత అయింది శాన్వికకి. ఈ మధ్య అంటే ఆఖరున అయినదే కదా. గంగరాజూ, శాన్వికని తీసుకురారా!"

గంగరాజు లోపలికెళ్ళి మామ్మని చంకనెత్తుకుని వచ్చాడు. నర్సమ్మ చేతిలో మందు సీసా అలాగే ఉండిపోయింది.

"ఈవిడ ఎవరండీ?"

"శాన్విక అండి. నాలుగో రోజండి."

"వరహాలమ్మ అని ఇందాక ఇంకెవరినో అన్నారు కదా, ఆవిడకో?"

"అబ్బే, ఆవిడది ఎనభై రెండేళ్ళ పేరండి. ఇంటికి పెద్ద. ఈ వయసులో ఆవిడకి చుక్కలెందుకండీ, పడుకోనివ్వండి. ముందు ఈ పసిదానికి వెయ్యండి. నోరు తెరు తల్లీ!"

మామ్మ బుద్ధిగా నోరు తెరిచింది. తవిటయ్య వేలు పెట్టి చూపించాడు. "చూశారా, ఇంకా ఒక్క పన్ను కూడా రాలేదు!"

నర్సమ్మకి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వుతుంటే సీసా వంగి రెండు చుక్కలు మామ్మ నోట్లో పడ్డాయి. లోపల ఉయ్యాల్లోంచి అప్పుడే పిల్ల "ఉంగా" అంది. నాగమణి, "వస్తున్నా వరహాలమ్మా, వస్తున్నా!" అంటూ లోపలికి పరిగెత్తింది. మామ్మ ఆ పిలుపు చెవులారా విని, చంకలోనే ఉండి చప్పరించింది.

"ఎలా ఉంది శాన్వికా, చేదుగా ఉందా?" అని అడిగింది నర్సమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

అడిగింది కనక మామ్మ చెప్పింది.

"తియ్యగానే ఉందమ్మా. ఎదిగే పిల్లని, ఇంకో రెండు వెయ్యి."